నీరోను ఆ రాత్రి తరిమినవి ప్రేతాలు కావు

రోము చక్రవర్తి నీరో చివరి రాత్రి గురించి ఎంతో కాలంగా చెప్పుకుంటున్న కథ ఒకటి ఉంది. రోము తగలబడుతుంటే ఫిడేలు వాయించిన ఆ దుర్మార్గుడిపై ప్రజలు తిరగబడ్డారనీ, చీకట్లో పారిపోతుండగా అతడు చంపించిన తల్లీ భార్యా ప్రేతాలై వెంటపడ్డారనీ, పశ్చాత్తాపం భరించలేక పొడుచుకుని చచ్చాడనీ, సామ్రాజ్యమంతా పండగ చేసుకుందనీ దాని సారాంశం. చేసిన పాపం ఊరికే పోదని చెప్పడానికి ఇంత అనువైన కథ మరొకటి దొరకదు కాబట్టి దీన్ని ఎవరూ తరచి చూడరు. ప్రాచీన రచయితలు రాసినదాన్ని దీని పక్కన పెట్టి చూస్తే, నీరో క్రూరత్వం మాత్రం నిలుస్తుంది గానీ మిగిలిన కథలో చాలా భాగం నిలవదు.

ఫిడేలు సంగతి రెండు మాటల్లో తేలిపోతుంది. క్రీ.శ. 64 జూలైలో మంటలు మొదలైనప్పుడు నీరో నగరంలో లేడు, ఆంటియం అనే తీరపట్టణంలో ఉన్నాడని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. తిరిగివచ్చి, ఇళ్లు కోల్పోయినవారికి తన సొంత తోటలు తెరిపించాడనీ, ధాన్యం ధర తగ్గించాడనీ కూడా ఆయనే చెప్పాడు. నగరం కాలుతుండగా ట్రాయ్ పతనం గురించి పాడాడన్న మాటను టాసిటస్ వదంతిగానే పేర్కొంటే, తర్వాతి రచయితలు సూటోనియస్, కాసియస్ డియో దాన్ని జరిగిన విషయంగా రాసేశారు. ఫిడేలు అప్పటికింకా పుట్టనే లేదు. పైగా తిరుగుబాటు వచ్చింది ఆ తర్వాత నాలుగేళ్లకు.

ఆ తిరుగుబాటైనా ప్రజలు లేవదీసినది కాదు. 68 మార్చిలో గాల్ ప్రాంతంలో (నేటి ఫ్రాన్స్) విండెక్స్ అనే గవర్నరు ఎదురుతిరిగాడు; స్పెయిన్‌లో గవర్నరుగా ఉన్న గాల్బా అతడితో చేయి కలిపాడు. విశేషమేమిటంటే విండెక్స్ కొద్ది నెలల్లోనే వెసోంషియో దగ్గర రోమన్ సైన్యం చేతిలో ఓడి ప్రాణం తీసుకున్నాడు. అంటే నీరో పడిపోయే నాటికి మొదట కత్తి దూసినవాడు అప్పటికే మట్టిలో కలిశాడు. జనంలో ఆగ్రహం లేదని కాదు: నగరంలో తిండిగింజలకు కటకటగా ఉన్న సమయంలో అలెగ్జాండ్రియా నుంచి వచ్చిన ఓడ ఆస్థాన మల్లయోధుల కోసం ఇసుక మోసుకొచ్చిందని తెలిసి రోము మండిపడింది. అయినా అతణ్ణి కూల్చింది ఆ కోపం కాదు, అతడి సొంత అంగరక్షకులు. ప్రిటోరియన్ దళాధిపతి నింఫిడియస్ సబైనస్, నీరో ఎలాగూ పారిపోయాడని నమ్మబలికి, గాల్బా పేరు మీద మనిషికి 30,000 సెస్టర్స్‌లు (రోమన్ నాణేలు) ఇప్పిస్తానని ఆశ చూపి, దళాన్ని అటు తిప్పేశాడు.

ఇక ప్రేతాలు. కథకు అసలు ఆకర్షణ ఇదే కనుక కాస్త నిదానంగా చూడవలసి ఉంటుంది. 59లో తల్లి అగ్రిప్పినాను చంపించిన తర్వాత ఆమె ప్రేతం తనను వేధిస్తోందనీ, ప్రతీకార దేవతలు కొరడాలతో, కాగడాలతో తరుముతున్నారనీ నీరో స్వయంగా పలుమార్లు ఒప్పుకున్నాడనీ, మాంత్రికుల చేత క్రతువులు చేయించి ఆమెను శాంతింపజేయబోయాడనీ సూటోనియస్ రాశాడు. అంతకుముందు కలలే ఎరుగని మనిషికి పీడకలలు పట్టుకున్నాయి: ఓడ నడుపుతుంటే చేతిలోని చుక్కానిని ఎవరో లాగేసుకున్నట్టు, 62లో తాను చంపించిన భార్య ఆక్టేవియా చిక్కటి చీకట్లోకి ఈడ్చుకుపోతున్నట్టు, ఒంటినిండా రెక్కల చీమలు కమ్ముకున్నట్టు. కాబట్టి గతం అతణ్ణి వేధించిందన్నది కల్పన కాదు. కానీ అదే సూటోనియస్ చివరి రాత్రిని అడుగడుగునా వర్ణించేటప్పుడు ఒక్క ప్రేతాన్ని కూడా చూపించడు. ఒక భూకంపమూ ఒక మెరుపూ చెప్పి ఊరుకుంటాడు. ఆ భూకంపం దగ్గరే, నీరో చనిపోయిన దాదాపు 150 ఏళ్లకు రాసిన కాసియస్ డియో, భూమి బద్దలై నీరో చంపినవారి ఆత్మలన్నీ లేచి అతడి మీదికి ఉరుకుతున్నాయా అనిపించేలా కంపించిందని వర్ణించాడు. ఆయన వేసిన ఉపమానాన్ని తర్వాతివారు సంఘటనగా మార్చేశారు. డియో గ్రంథంలోని ఈ భాగం కూడా 11వ శతాబ్దంలో ఒక సన్యాసి చేసిన సంక్షిప్త రూపంలోనే మనకు మిగిలింది.

ఆ రాత్రి అతడికి ఎదురైన చచ్చినవాడు ఒక్కడే, దారిలో ఎవరో పడేసిపోయిన ఒక అనామక శవం. అర్ధరాత్రి మేలుకుని చూస్తే కావలివాళ్లు లేరు. పడకగది సేవకులు దుప్పట్లతో సహా, విషం దాచిన బంగారు భరిణెను కూడా పట్టుకుపోయారు. వట్టి కాళ్లతో, వెలిసిపోయిన అంగీ మీద వేసుకుని, ముఖానికి గుడ్డ అడ్డుపెట్టుకుని, నలుగురి తోడుతో గుర్రమెక్కి, నగరానికి నాలుగు మైళ్ల దూరంలో ఉన్న ఫావన్ అనే విముక్త బానిస ఇంటికి బయలుదేరాడు. ఆ శవం కంపుకు గుర్రం బెదిరి, ముఖం మీది గుడ్డ జారిపోగా, పదవీ విరమణ చేసిన సైనికుడొకడు గుర్తుపట్టి వందనం చేశాడు. పారిపోతున్నవాడికి ఏ దెయ్యమూ ఆ వందనమంత భయం పుట్టించి ఉండదని నా ఉద్దేశం.

పశ్చాత్తాపానికీ ఆధారం లేదు. ఫావన్ ఇంట్లో తన కొలతకు గొయ్యి తవ్వమని చెప్పి, ఎంతటి కళాకారుడు పోతున్నాడో అంటూ ఏడ్చాడు. తల్లి పేరు గానీ ఆక్టేవియా పేరు గానీ ఎత్తలేదు. సెనేట్ తనను ప్రజాశత్రువుగా ప్రకటించిందనీ, పూర్వాచారం ప్రకారం శిక్షిస్తుందనీ ఉత్తరం వచ్చింది. ఆ ఆచారమేమిటని అడిగితే, బట్టలూడదీసి, మెడను పంగలకర్రలో బిగించి, చచ్చేదాకా బెత్తాలతో కొట్టడమని చెప్పారు. అప్పుడు రెండు బాకులు తీసి, మొనలు పరీక్షించి, ఇంకా సమయం రాలేదంటూ మళ్లీ ఒరలో పెట్టేశాడు. తోడున్నవారిలో ఎవరైనా ముందు చచ్చి చూపించమని బతిమాలాడు. గుర్రపు డెక్కల చప్పుడు వినిపించాకే, అదీ తన కార్యదర్శి ఎపఫ్రోడిటస్ సాయంతో, గొంతులో పొడుచుకున్నాడు. అతణ్ణి అంతదాకా నెట్టింది బెత్తాల భయం.

పండగ మాట సగం నిజం. చాలామంది దాస్య విముక్తి టోపీలు పెట్టుకుని వీధుల్లో పరుగెత్తారు. కానీ చాలా ఏళ్లపాటు అతడి సమాధిపై వసంతంలోనూ వేసవిలోనూ పూలు పెట్టినవారూ ఉన్నారు. నేనే నీరోనంటూ బయలుదేరిన మోసగాళ్లకు తూర్పు ప్రాంతాల్లో అనుచరులూ దొరికారు.

ప్రేతాల కథ చెప్పినప్పుడల్లా బతికున్నవాళ్లు తెర వెనక్కి తప్పుకుంటారు. అగ్రిప్పినా హత్య తర్వాత దేవతలకు కృతజ్ఞతా పూజలు జరపాలని తీర్మానించింది ఈ సెనేటే. నాడు సభలోంచి లేచి వెళ్లిపోయిన థ్రాసియా పేటస్‌ను 66లో చావుకు అప్పగించిందీ ఈ సెనేటే. నింఫిడియస్ ఆశపెట్టిన సొమ్మును, నీరో తర్వాత చక్రవర్తి అయిన గాల్బా చెల్లించలేదు. 69 జనవరిలో, సింహాసనం కోసం ఎదురుతిరిగిన ఓథో పక్షాన చేరిన అదే అంగరక్షక దళం గాల్బాను నడి ఫోరంలో నరికించింది.