బిరుదు ఢిల్లీలో, కరెంటు తీగ పలమనేరులో

ఏనుగును జాతీయ వారసత్వ జంతువుగా కేంద్రం 2010లో ప్రకటించింది. ఆ బిరుదు చిత్తూరు జిల్లా కౌండిన్య అడవి అంచున ఉన్న ఒక్క పొలంలోనైనా కరెంటు తీగను తీయించిందా? పలమనేరు, కుప్పం ప్రాంతాల్లో ఏనుగులు అక్రమ విద్యుత్ కంచెలకు తగిలి, గట్టు లేని వ్యవసాయ బావుల్లో పడి చస్తూనే ఉన్నాయి. 2023 జూన్‌లో భూతలబండ వద్ద జాతీయ రహదారిపై వాహనం ఢీకొని మూడు ఏనుగులు ఒకేసారి నేలకొరిగాయి. రోడ్డు మీదా బిరుదు అక్కరకు రాలేదు.

పొరుగు రాష్ట్రాల అడవుల నుంచి ఏనుగులు ఇటు రావడం 1980లలో మొదలైంది. కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది 1990లో. నలభై ఏళ్లుగా కళ్లెదుట ఉన్న సమస్యకు నిన్న రాత్రే మంద దిగినట్టు అధికారులు ఉలిక్కిపడుతుంటే ఏమనుకోవాలి?

రైతుల గోడు అబద్ధం కాదు. ఏడాది కష్టం ఒక్క రాత్రిలో తొక్కుడై పోతుంది, మనుషులూ బలవుతున్నారు. 2025 ఫిబ్రవరిలో అన్నమయ్య జిల్లా గుండాలకోనకు వెళ్తున్న ముగ్గురు శివభక్తులు ఏనుగుల దాడిలో చనిపోయారు. అయినా పొలం చుట్టూ కరెంటు పారించడం నేరమే. ఆ తీగకు ఏనుగని, పొరుగు రైతని తేడా తెలియదు. పరిహారం సకాలంలో చేతికందితే, సోలార్ కంచెలకు, కందకాలకు ఏటా మరమ్మతు జరిగితే రైతు ఆ తీగ జోలికి ఎందుకు పోతాడు? బిరుదు ఇచ్చిన ప్రభుత్వం చేయాల్సిన పని అది.

2025 మేలో కర్ణాటక నాలుగు కుంకీ ఏనుగులను, అంటే అడవి మందలను తరమడానికి శిక్షణ పొందిన ఏనుగులను, ఇచ్చింది. మంచిదే. పంటలో దిగిన మందను అవి వెనక్కి మళ్లించగలవు. తీగలు పీకడం, బావులకు గట్లు కట్టడం మాత్రం మనుషులే చేయాలి.

తిరుమల బ్రహ్మోత్సవాల ఆరో రోజు రాత్రి గజవాహనం కదిలితే ముందు వరుసలో చేతులు జోడించే నేతలకు కొదవ లేదు. కౌండిన్యలో ఏనుగు చచ్చిన రోజున పొలం గట్టు దాకా వచ్చేవారు ఎందరు? పూజకు వాహనం, ప్రసంగానికి వారసత్వం, బడ్జెట్ దగ్గరికి వచ్చేసరికి బరువు!

ఏటా ఆగస్టు 12న ప్రపంచ ఏనుగుల దినోత్సవం పేరిట వేదికలెక్కేవారికి ఒక్క మాట. కౌండిన్య చుట్టూ ఎన్ని కిలోమీటర్ల కంచె ఈ రోజు పనిచేస్తోందో, ఎందరు రైతులకు పరిహారం బాకీ ఉందో ముందు చెప్పండి. ఆ లెక్క తేలేదాకా గజరాజు గొప్పతనం గురించి మాకు పాఠాలు చెప్పకండి.