గార పండ్ల మీద జోకు ఎందుకంత తగులుతుంది?

"పెండ్లికి ముందే పసుపు దంచిండ్రా బావా, పిల్ల పండ్లకు రాసి కూసోపెట్టిండ్రు?"

పదిహేనేళ్ల కింద మా పెద్దబాపు కూతుర్ని చూసుకోవడానికి వచ్చినరోజు, పసుపు గార పట్టిన ఆమె పళ్లను చూసి అబ్బాయి మేనమామ అన్న మాట ఇది. నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఒక ఊరు. వేపచెట్టు కింద మంచాలు వేసి ఉన్నాయి. కూర్చున్న పది పన్నెండు మందీ నవ్వారు. మావాళ్లూ నవ్వారు, వచ్చినవాళ్లు రేపు చుట్టాలు కాబోతున్నారని. అక్క అప్పుడు చాయ్ గ్లాసుల పళ్లెం పట్టుకుని ఉంది. రెండు చేతులూ పళ్లేనికే ఉన్నాయి కాబట్టి ఎప్పటిలా నోటికి కొంగు అడ్డం పెట్టుకోలేకపోయింది. పెదాలు బిగబట్టి, పళ్లెంతో సహా లోపలికి వెళ్లిపోయింది. ఆమె గడప దాటిందో లేదో మా అన్న లేచి ఆయన అంగీ గల్లా పట్టుకున్నాడు.

సంబంధం తప్పిపోయింది. ఆ తర్వాత ఊళ్లో చాలా రోజులు నలిగిన ప్రశ్న ఒక్కటే: "గింత మాటకు గంత కోపమా?"

నవ్వినవాళ్లకు అది ఒక్క మాటే. ఆ పూట అన్నారు, ఆ పూటే మరిచిపోయారు. అక్కకు అది ఎన్నోదో ఆమెకే తెలియదు. బడిలో "పండ్లు తోముకోవా?" అని సారు అడిగినప్పుడు మొదలైన లెక్క అది. ఆమె రోజుకు రెండుపూటలా తోముకునేది. వేపపుల్ల, బొగ్గుపొడి, ఉప్పు, ఎవరు ఏది చెబితే అది పెట్టి చిగుళ్లు నెత్తురు కారేదాకా రుద్దుకోవడం నేను చూశాను. గార పోలేదు. పోదు కూడా.

ఎందుకు పోదో చెప్పకుండా ఈ జోకు సంగతి తేలదు. నల్లగొండ భూమి అడుగున ఉన్నది గ్రానైట్ రాయి. అందులోని ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మా దిక్కు బోర్లలో ఎన్నోచోట్ల అది దాటిపోయేది. ఎనిమిదేళ్లలోపు, చిగుళ్ల కింద పంటి పైపొర తయారవుతున్న వయసులో, ఆ నీళ్లు తాగితే పన్ను మచ్చలతోనే పుడుతుంది. పసుపు, గోధుమ రంగు మచ్చలు పొరలోనే ఉంటాయి, పైన అంటుకున్న మురికి కాదు. అవే నీళ్లు ఏళ్ల తరబడి తాగినవాళ్లకు ఎముకలు బిగుసుకుని నడుములు వంగిపోయాయి. పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు 1970లలో రూపొందిస్తే, దానికి 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు పడింది. జిల్లా పేరు శాస్త్ర గ్రంథాలకెక్కింది ఈ కష్టంతోనే.

ఇప్పుడు మేనమామ మాట మళ్లీ వినండి. పైకి అది రంగు మీద జోకు. లోపల ఉన్నది నింద: నీకు శుభ్రత లేదు, తప్పు నీదే అని. భూమి చేసిన తప్పు, మంచినీళ్లు ఇవ్వలేకపోయిన ప్రభుత్వాల తప్పు తెచ్చి ఇరవై రెండేళ్ల పిల్ల నోట్లో పెట్టాడాయన. పైగా కేసు వేస్తే కోర్టులో జవాబు చెప్పుకోవచ్చు, జోకుకు ఆ వీలు కూడా లేదు. సంజాయిషీ ఇస్తే "ఊకె అన్న" అంటారు. కోప్పడితే "జోకు కూడా పడదా" అంటారు. నోరు మూసుకుంటే ఒప్పుకున్నట్టే. రూపం మీద జోకు తగలడానికి నాకు తోచిన అసలు కారణం ఇదే. అది తీర్పు ముందే చెప్పేసి, మాట్లాడే దారి మూసేస్తుంది.

ఇంకో సంగతి. ఆ అబ్బాయికి అప్పటికే నెత్తి పలచబడింది. మావాళ్లు చూడకపోలేదు. కానీ దాని మీద ఒక్కరూ నోరు మెదపలేదు. పిల్లనిచ్చేవాళ్లకు ఆ హక్కు ఎక్కడిది? ఊళ్లో నలుగురు యాదయ్యలుంటే పొట్టి యాదయ్య, నల్ల యాదయ్య, కుంటి యాదయ్య అని గుర్తుపెట్టుకునే అలవాటు మనది. దొర మెల్లకన్నును మాత్రం ఆయన ఎదురుగా అన్నవాడు లేడు. ఇలాంటి మాటలు ఎప్పుడూ జవాబు చెప్పలేనివాళ్లనే వెతుక్కుంటూ పోతాయి.

అలాగని గార పండ్ల మీద నవ్వే ఉండకూడదని నేననను. మా నాయనమ్మ చెయ్యి అడ్డం పెట్టుకునే అనేది: "మావి బంగారు పండ్లు బిడ్డా, దొంగలెత్తుకపోతరని మూసుకుంట." ఆ మాటకు అందరం పగలబడి నవ్వేవాళ్లం, ఆమె అందరికంటే ఎక్కువ. అదే రంగు, అదే నోరు. ఆమె తన బాధకు తాను పెట్టుకున్న పేరది. 2024 జులైలో సుప్రీంకోర్టు సినిమాల్లో వికలాంగుల చిత్రణ మీద తీర్పు ఇస్తూ ఈ తేడానే పట్టుకుంది. వైకల్యాన్ని అర్థం చేయించే హాస్యం వేరు, మనిషిని కించపరిచే హాస్యం వేరు అన్నది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్ అయితే నలుగురిలో వికలాంగుల్ని కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు అంటుంది. పంటి రంగు ఆ చట్టం కిందికి రాదు. అక్కలాంటివాళ్లకు ఇంట్లోవాళ్ల కోపమే దిక్కు.

ఆ కోపం చాలాసార్లు మాట పడ్డవాళ్ల నుంచి రాదు, వాళ్లను ప్రేమించేవాళ్ల నుంచి వస్తుంది. ఏటా చవితి నాడు అక్షింతలు చేతబట్టుకుని వినే కథ గుర్తు చేసుకోండి. బొజ్జతో వంగలేక అవస్థపడుతున్న వినాయకుణ్ని చూసి నవ్వింది చంద్రుడు, శపించింది తల్లి పార్వతి. 2022 మార్చిలో ఆస్కార్ వేదిక మీద జరిగిందీ అంతే. జుట్టు ఊడిపోయే జబ్బున్న జేడా పింకెట్ స్మిత్ తల మీద క్రిస్ రాక్ జోకు వేస్తే, లేచి వెళ్లి చెంపదెబ్బ కొట్టింది ఆమె భర్త విల్ స్మిత్. పదేళ్లు అకాడమీ కార్యక్రమాలకు రావద్దని అతనికే నిషేధం పడింది. చెయ్యి చేసుకోవడం తప్పు, అందులో నాకు రెండో మాట లేదు. దెబ్బ పడ్డాక లోకానికి దెబ్బే గుర్తుంటుంది, మాట కొట్టుకుపోతుంది. మా ఇంట్లోనూ అంతే అయింది. మేనమామ పెద్దమనిషిగానే వెళ్లిపోయాడు, అన్న రౌడీ అయ్యాడు.

అక్క పెళ్లి తర్వాతి ఏడాది మరో చోట అయింది. ఆల్బమ్‌లో ఎక్కడా ఆమె పళ్లు కనిపించవు. ఇప్పుడు ఊరికి మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు వస్తున్నాయి. ఆ నీళ్లు తాగి పెరిగిన ఆమె బిడ్డ పళ్లు తెల్లగా ఉన్నాయి. బడిలో గార పండ్ల పిల్లలు తగ్గుతున్నారు. తగ్గేకొద్దీ మిగిలినవాళ్లు వేరుగా కనబడతారు, వాళ్లమీద పడే చూపులు ఇంకా పెరుగుతాయి. నాకిప్పుడున్న భయం అదే.

మొన్న దసరాకు అన్నతో ఆ సంగతి ఎత్తాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "తప్పేరా నాది. అందరు అన్నరు, నేను కూడ ఒప్పుకుంట. కని ఆయన అన్నందుకు లేవలే నేను. మన బాపు గూడ నవ్విండు సూడు, గప్పుడు లేసిన."