నిన్నే చెప్పాల్సిన ఎత్తు

గాలి పడిపోతే గాలిపటం బుద్ధిగా కిందికి దిగుతుంది. తాడుతో నేలకు కట్టిన హీలియం బెలూన్‌కు ఆ బుద్ధి లేదు, గాలి తగ్గేకొద్దీ పైకి లేస్తుంది. అమెరికాలో షాపుల ప్రారంభోత్సవాలకు బెలూన్లు కట్టే మనవాడికి సాయంత్రం 6 గంటలకు గుర్తుకు రావాల్సింది సరిగ్గా ఇదే. కానీ అప్పుడే కేకు పంచుతున్నారు.

పొద్దున అంతా సవ్యంగానే చేశాడు. ఎయిర్‌పోర్టుకు 5 మైళ్ల లోపు కట్టకూడదు కదా, దూరం కొలిచాడు. అదీ అందరిలా టెర్మినల్ నుంచి కాదు, ఎయిర్‌పోర్టు హద్దు నుంచి. మేఘాల అడుగుకు 500 అడుగుల ఎడం ఉండాలి. ఆ రోజు మబ్బు తునక లేదు. బెలూన్ అడ్డకొలత 8 అడుగులు. 6 అడుగులు దాటినా, 115 ఘనపుటడుగులకు మించి గ్యాసు పట్టినా విమానయాన నిబంధనల 101వ భాగం వర్తిస్తుంది. గుండ్రటి బెలూన్ 6 అడుగులుంటే పట్టేదే దాదాపు 113. మరి రెండు లెక్కలెందుకో! కోల బెలూన్లవాళ్లు తప్పించుకుంటారని కాబోలు.

తాడు 200 అడుగులు. గాలి జోరుకు 45 డిగ్రీలు వాలింది కాబట్టి బెలూన్ ఉన్నది 141 అడుగుల ఎత్తున. 150 దాటితే దగ్గర్లోని ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌కు 24 గంటల ముందే తెలియజేయాలి. దాటలేదు. పగటిపూట రంగు జెండాలు కట్టాల్సిందీ 150 నుంచే, 50 అడుగులకు మించని ఎడంతో, మైలు దూరానికి కనపడేలా. ఆ పనీ తప్పింది.

సాయంత్రం గాలి సన్నగిల్లింది. నేలతో తాడు చేసే కోణం 45 నుంచి 49 డిగ్రీలకు వచ్చేసరికే లెక్క 150 దాటిపోయింది. నాలుగంటే నాలుగు డిగ్రీలు! కేకు తింటున్నవాడి కంటికి ఏం ఆనుతాయి? చూసేసరికి తాడు నిట్టనిలువుగా నిలబడింది. నిండా 200 అడుగులు.

ఇక చట్టం ప్రకారం మనవాడు చేయాల్సింది ఏమిటయ్యా అంటే, నిన్న సాయంత్రం ఫోన్ చేయడం. పేరు, చిరునామా, బెలూన్ కొలత, కట్టే చోటు, తేదీ, వేళ, ఎంతసేపు, ఎంత ఎత్తు, అన్నీ చెప్పి, "రేపు ఈపాటికి గాలి పడిపోతుందండీ, అప్పుడిది నా మాట వినదు" అని విన్నవించుకోవడం. ఇవాళ చేస్తే అది సమాచారం కాదు, నేరాంగీకారం. పోనీ జెండాలైనా కడదామంటే 150 అడుగుల పైనున్న తాడును కిందికి లాగాలి. లాగితే ఎత్తు తగ్గి జెండాల అవసరమే ఉండదు. అవసరం లేదని వదిలితే మళ్లీ పైకి, మళ్లీ అవసరం. ఈ మీమాంస తేలేలోపు సూర్యుడు కూడా అస్తమించాడు. జెండాల నిబంధన సూర్యాస్తమయం దాకానే. ఆ తర్వాత దీపాలు కావాలి, అదీ విమానాలకు అడ్డొచ్చే కట్టడాలకు పెట్టే స్థాయిలో. మనవాడి జేబులో ఉన్నది సెల్‌ఫోన్ టార్చి.

ఇంకా నయం, తాడు తెగలేదు. తెగితే బెలూన్ తనంతట తాను గబగబా గ్యాసు వదిలేసే అమరిక ఉండి తీరాలి. అది పనిచేయకపోతే ఎక్కడ, ఎన్నింటికి తప్పించుకుందో, ఏ దారిన పోతోందో వెంటనే కంట్రోల్‌కు చెప్పాలట. ఏ దారినని? బెలూన్‌ను అడిగి చెప్పాలి కాబోలు.

గాలి వాలును నమ్మి ఎత్తు లెక్కగట్టకూడదు. తాడు పొడవే ఎత్తు అనుకుని, 140 దగ్గర రంగు టేపు చుట్టి అక్కడే బిగించేయాలి. చివరికి మనవాడు చేసిందీ అదే.

మర్నాడు గాలి మళ్లీ లేచింది. 140 అడుగుల తాడు 45 డిగ్రీలు వాలితే ఎత్తు 99 అడుగులు. పదింటికల్లా షాపు యజమాని ఫోను: "200 అడుగులకు డబ్బు కట్టించుకుని సగం ఎత్తున కట్టారేంటండీ?"