కడుపులో బగారా, కప్పులో ప్రశాంతత

హన్మకొండ చౌరస్తా నుంచి కాజీపేట దాకా ఏ సూపర్ మార్కెట్‌లోకి వెళ్లినా, ఉప్పూ పప్పుల వరుస దాటి నూనె డబ్బాల పక్కకు రాగానే ప్రశాంతత అమ్ముతున్నారు. ఆకుపచ్చ గ్రీన్ టీ డబ్బా, దాని మీద మంచు కప్పిన కొండ, కొండ ముందు కళ్లు మూసుకొని కూర్చున్న ఒక అమ్మాయి. ఆ మొహం చూస్తే కరెంటు బిల్లు, పిల్లల ఫీజులు, ఆడపడుచు ఇంటి ఫంక్షన్ లాంటి బాధలేవీ ఆమెను తాకినట్టు లేదు. కింద చిన్న అక్షరాల్లో రెండు హామీలు: తిన్నది అరుగుతుంది, మధ్యాహ్నం మనసు నిమ్మళమవుతుంది. ఒక్క డబ్బాకు పెట్టే డబ్బుతో మూడు నాలుగు కిలోల బియ్యం వస్తాయి.

బియ్యం మాట వచ్చింది కాబట్టి, ప్రభుత్వ విధానంలో ఒక లోటును బాధ్యత గల పౌరుడిగా ఎత్తి చూపక తప్పదు. 2025 ఉగాది నుంచి రేషన్ కార్డున్న ఇళ్లకు మనిషికి నెలకు 6 కిలోల చొప్పున సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. సంతోషం. అయితే తినిపించే బాధ్యత నెత్తిన వేసుకున్న సర్కారు, అరిగించే బాధ్యతను మాత్రం పూర్తిగా ప్రైవేటు రంగానికి వదిలేసింది. దారం కట్టిన చిన్న సంచులు ఊళ్లోకి వచ్చింది ఆ సందులోంచే.

డబ్బా వెనక్కి తిప్పి చూడండి. గ్రీన్ టీ ఆకు, పుదీనా, నిమ్మగడ్డి, తులసి, అల్లం, సోంపు, చివర్లో చిటికెడు కామొమైల్. మొదటిదీ చివరిదీ తీసేస్తే మిగిలినవన్నీ మన కుండీల్లోవి, పోపుల డబ్బాలోవి. చాలా డబ్బాల్లో వాముకు మాత్రం చోటు దక్కలేదు. ఉత్తర తెలంగాణలో ఎవరైనా కడుపు పట్టుకొని కూర్చుంటే ముందు వినిపించే మాట, "గింత వాము, గింత ఉప్పు నోట్లేసుకొని నములు, ఉడుకునీళ్లు తాగు." ఇన్నేళ్ల సర్వీసున్న సీనియర్‌ను పక్కనబెట్టి, నిన్నగాక మొన్న వచ్చిన కామొమైల్‌కు పోస్టింగ్ ఇచ్చారు. దీని మీద వాము కోర్టుకెళ్తే గెలుస్తుందని నా నమ్మకం.

కామొమైల్ అంటే సీమ చామంతి. చామంతి కుటుంబానికి చెందిన పువ్వే. చామంతితో మనకు తరాల చుట్టరికం ఉంది. తంగేడు, గునుగు, బంతి మధ్యన వరుసలుగా పేర్చి, తొమ్మిది రోజులు ఆడి, సద్దుల నాడు నీళ్లలో వదిలి వస్తాం. ఆ నీళ్లు తాగి ప్రశాంతంగా పడుకుందామన్న ఆలోచన ఇంతవరకు ఒక్క ఆడబిడ్డకూ రాలేదు. సద్దుల బతుకమ్మ మర్నాడు పద్మాక్షి గుండం చూసినవాళ్లు ఒప్పుకుంటారు, ఎక్కడెక్కడి కంపెనీలూ ఇంకా అంత పెద్ద కప్పు తయారు చేయలేదని.

ఇక శాస్త్రం. గ్రీన్ టీ ఆకు, బండి మీద మరిగే చాయ్‌పత్తి రెండూ ఒకే చెట్టువి. ఆకు తెంపగానే వేడి తగిలిస్తే పచ్చగా నిలుస్తుంది. జపాన్‌లో ఎక్కువగా ఆవిరి పడతారు, చైనాలో ఎక్కువగా పెనం మీద వేయిస్తారు. అలా కాకుండా నలిపి గాలికి ఆరబెడితే నల్లబడి మన చాయ్‌పత్తి అవుతుంది. పచ్చదానిలో కెఫీన్ సాధారణంగా కొంచెం తక్కువే గాని, లేకపోలేదు. దానికి తోడు ఎల్-థియనిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. కెఫీన్ తెచ్చే దడను అది కాస్త మెత్తబరుస్తుందంటారు. ప్రశాంతత అన్న హామీకి ఉన్న ఆధారం ఇదే, దాన్ని నేను కాదనను. కాకపోతే ఒంట్లోకి వెళ్లిన కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం నాలుగున్నరకు తాగిన నిమ్మళం రాత్రి తొమ్మిదిన్నరకు ఇంకా సగం మిగిలి ఉంటుంది. ఫ్యాన్ చప్పుడు వింటూ దాన్ని పూర్తిగా అనుభవించవచ్చు.

అసలు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఈ ఊళ్లో ప్రశాంతతకు కరువొచ్చిందని ఎవరు కనిపెట్టారో గాని, వాళ్లు బగారా అన్నం తిన్నవాళ్లు కాదు. మే నెల ఎండ నడినెత్తిన ఉండగా సుబేదారిలో ఏ ఆఫీసు మెట్లెక్కినా కావలసినంత ప్రశాంతత. ఫైలు కదలదు, కుర్చీ కదలదు. బీరువా తలుపు సగం తెరిచి ఉంటే సగమే తెరిచి ఉంటుంది. ఇన్నాళ్లూ మనం ఒక్క సంచీ ముంచకుండా సాధించిన స్థితి ఇది. ఆ స్థితిలో ఉన్న మనిషికి కెఫీన్ పోసి మెలకువ తెప్పించి, దానికి ప్రశాంతత అని పేరు పెట్టడం నిద్ర పట్ల అన్యాయం.

నిజంగా ప్రశాంతత అవసరమైనది టేబుల్‌కు అవతలి పక్కన ఉన్నవాళ్లకు. సోమవారం పొద్దున్నే బస్సెక్కి, పాసుబుక్కు జిరాక్సులు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకొని ప్రజావాణికి వచ్చే ముసలాయన ఉంటాడు. గ్రీన్ టీ పంచాలంటే మొదట ఆయనకు పంచాలి. "సారు లంచ్‌కు పోయిండు" అన్న మాట వినే ముందు ఒకటి, విన్నాక ఒకటి.

ఇంతకీ ఈ సంచీలను కొనేదెవరు, ఎందుకు? గమనించి చూశాను. గ్రీన్ టీని అర్థం చేసుకోవడానికి వైద్యశాస్త్రం కన్నా ధర్మశాస్త్రం ఎక్కువ పనికొస్తుంది. ఇది ప్రాయశ్చిత్తం. హంటర్ రోడ్డులో పెళ్లి దావత్. బగారా, మటన్, బోటి, మళ్లీ మటన్, "ఇంకింత ఏస్కోండ్రి బావా" అన్న మర్యాదకు కట్టుబడి ఇంకింత, ఆ పైన డబుల్ కా మీఠా. ఇంటికొచ్చి బెల్టు వదులు చేసుకొని, చక్కెర లేని కప్పు ఒకటి మొహం చిట్లించి తాగితే లెక్క సరి. చేదుగా ఉండటం ఇందులో ముఖ్యం, తియ్యగా ఉంటే పాపం పోదు. అందుకే అడుగడుగునా నియమాలున్నా తిండి తగ్గించాలన్న నియమం ఒక్కటీ లేదు. పుష్కర స్నానం చేసినవాడు మళ్లీ పుష్కరం దాకా ఏం చేసినా అడిగేవాడెవడు?

మా ఆఫీసులో సూపరింటెండెంట్ గారు ఈ మార్గంలో చాలా దూరం వెళ్లారు. ఫ్లాస్కులోంచి వేడినీళ్లు పోసుకొని, సంచీని దారం పట్టుకొని పైకీ కిందికీ ఆడిస్తారు. ఆ సేపు ఎవరూ సంతకం అడగకూడదు. తర్వాత సంచీని చెంచాలో పెట్టి, దారాన్ని చుట్టూ బిగించి, చివరి బొట్టు దాకా పిండుతారు. పిండినదాన్ని పారేస్తే లక్ష్మి పోతుందని క్యాలెండర్ మేకుకు వేలాడదీస్తారు. మూడున్నరకు అదే సంచీ మళ్లీ కప్పులోకి దిగుతుంది. సాయంత్రం మూడోసారి. అప్పటికి ఆ నీళ్లకు గ్రీన్ టీతో ముఖపరిచయం తప్ప మరే సంబంధమూ ఉండదు. ఒకరోజు అటెండర్‌కు ప్రేమగా ఒక కప్పు ఇచ్చారు. అతను ఒక గుక్క తాగి, కప్పులోకి చూసి, "సారూ, ఇండ్ల చాయ్ పోసుడు మర్శిపోయిండ్రు" అన్నాడు.

పుదీనా గురించి ఒక హెచ్చరిక. కడుపు ఉబ్బరానికి అది హాయినిచ్చినా, అన్నవాహిక అడుగున ఉన్న కండరాన్ని వదులు చేస్తుంది. కింది పులుపు పైకి తన్నే అవకాశం పెరుగుతుంది. ఎనుమాముల యార్డులో మిర్చి బస్తాలు కొండల్లా పేరుకునే ఊళ్లో, ఛాతీలో మంట లేనివాళ్లను వెతకడమే కష్టం. అలాంటివాళ్లు మంట తగ్గాలని పుదీనా టీ తాగితే, మంట కూడా తాగి బలపడుతుంది.

ఈ ఒక్క మాట నవ్వులాటకు కాదు. టీలోని టానిన్లు అన్నం, పప్పు, ఆకుకూరల్లో ఉన్న ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డం పడతాయి. పచ్చ టీ అయినా, పాల చాయ్ అయినా అంతే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. అన్నం తిన్న వెంటనే ఇలాంటి కప్పు తాగడం వాళ్లకు మంచిది కాదు, కనీసం గంట ఎడం ఉండాలి. డబ్బా మీది అమ్మాయి కళ్లు మూసుకొని ఉంది కాబట్టి ఈ సంగతి ఆమె చెప్పదు.

గ్రీన్ టీని తిట్టగానే చాయ్ వీరాభిమానులు ఎగిరి గంతేస్తారు, పాల చాయ్ మన సంస్కృతి అని. తొందరపడొద్దు. మన ముత్తాతలు పొద్దున్నే తాగింది అంబలి. 1903లో టీ ఎగుమతుల మీద సెస్సు వేసి, ఆ డబ్బుతో టీ ప్రచారం మొదలుపెట్టారు. 1930ల్లో ప్రచారం చేసేవాళ్లు సంతల్లో, స్టేషన్లలో కప్పులు ఉచితంగా పోసి, ఎలా కాచాలో చేసి చూపించి మరీ మన దేశానికి ఈ అలవాటు నేర్పారు. అప్పటి పోస్టర్ల మీదా ఇలాగే ఆరోగ్యం, ఉత్సాహం. మనవాళ్లు మర్యాదగా నేర్చుకున్నారు, ఆ తర్వాత గురువు మాట పక్కన పడేశారు. ఆకు తగ్గించి, పాలు పెంచి, చక్కెర గుమ్మరించి, అల్లం, యాలకులు దంచి వేశారు. ఆకు అమ్ముడుపోక నష్టమొస్తుందని ప్రచారకులు మొత్తుకున్నా ఎవరూ వినలేదు.

అందుకే గ్రీన్ టీ భవిష్యత్తు గురించి నాకు ఏ బెంగా లేదు. కాజీపేట స్టేషన్ దగ్గర ఒక చాయ్ బండి మీద ఇప్పటికే బోర్డు వెలిసింది, "గ్రీన్ టీ కూడా దొరుకును" అని. గ్రీన్ టీకి నీళ్లు మరగకూడదు, 80 డిగ్రీల దగ్గర ఆపాలి, లేకపోతే చేదెక్కుతుంది అంటారు తెలిసినవాళ్లు. బండాయన దగ్గర థర్మామీటర్ లేదు, ఆపే ఉద్దేశమూ లేదు. సంచీలు చింపి ఆకును గిన్నెలో పోసి, మూడు పొంగులు రానిచ్చాడు. సూటూ బూటూ వేసుకున్న ఒకాయన ట్రైన్ టెన్షన్‌లో వచ్చి, "అన్నా, గ్యాస్ పట్టింది, తల కూడా దిమ్మెక్కింది, డైజెషన్‌కు మంచిదేదైనా పొయ్యి" అన్నాడు. బండాయన గరిటె ఆపకుండానే అడిగాడు. "గ్రీన్ టీ ఉన్నదన్నా. పాలు సగం పొయ్యాల్నా, నిండా పొయ్యాల్నా?"