చిడతల నడక

షుగర్ టెస్టు కాగితం చూసి డాక్టరుగారు "నడవండి" అన్నారు. ఆ మాట డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి చెవిన పడిందో లేదో, వారం తిరక్కుండా ఒక వాచీ ఊడిపడింది. టైము చూపించడం దానికి చిల్లర పని. అసలు పని నా అడుగులు లెక్కబెట్టి వాడి ఫోనుకి చాడీలు మోయడం. రోజుకి 10,000 పడాలని వాడి హుకుం.

మొదటిరోజు పార్కులో పది రౌండ్లు కొట్టాను, రిటైరైనవాళ్ల సంప్రదాయం ప్రకారం చేతులు వెనక్కి కట్టుకుని. ఇంటికొచ్చి చూస్తే 412.

"ఏవండీ, బెంచీ మీద ఎంతసేపు కూర్చున్నారు?" అంది మా ఆవిడ. ముప్ఫై ఐదేళ్ల కాపురం ఒకవైపు, నిన్న వచ్చిన వాచీ ఒకవైపు. వాచీయే నెగ్గింది.

అదేరోజు సాయంత్రం తను సరదాగా చేతికి పెట్టుకుని చపాతీలు వత్తింది. గట్టు దగ్గర్నుంచి కదలని మనిషికి 600 పడ్డాయి!

మా మేనల్లుడు గుట్టు విప్పాడు. వాచీలో ఉన్నది కదలికని పసిగట్టే చిప్పు. మణికట్టు ఒక లయలో ఊగితే అడుగు కింద రాసుకుంటుంది. కాళ్లతో దానికి ముఖపరిచయం కూడా లేదు. ఆ 10,000 కూడా డాక్టర్లు తేల్చిన లెక్క కాదట. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ నడుముకి తగిలించుకునే మీటరు తెచ్చి, 'మాన్పో-కే' అని పేరు పెట్టింది. పదివేల అడుగుల మీటరు అని అర్థం. పేరు బాగుంది, అంకె ఉండిపోయింది. 2019లో అమెరికాలో పెద్దవయసు ఆడవాళ్ల మీద చేసిన పరిశోధనలో 7,500 దాటాక అదనంగా పెద్ద లాభం కనబడలేదని కూడా చెప్పాడు. సంబరంగా అబ్బాయికి ఫోన్ చేసి చెప్పాను.

"నువ్వు మగాడివి కదా నాన్నా" అన్నాడు.

ఇంతలో ముక్కోటి ఏకాదశి వచ్చింది. రామాలయంలో జాగరణ. చాప మీద బాసింపట్టు వేసుక్కూర్చుని, వాచీ ఉన్న కుడిచేత్తోనే చిడతలు అందుకున్నాను. హార్మోనియం ఆయన జోరు పెంచినకొద్దీ నేనూ పెంచాను. పదకొండున్నరకి మణికట్టు మీద జిర్రుమంది. చూస్తే తెర నిండా బాణాసంచా. ఆనందించే లోపే ఫోను. డల్లాస్‌లో అప్పుడు మిట్టమధ్యాహ్నం.

"నాన్నా, ఇంత రాత్రి ఎక్కడికి నడిచి వెళ్లిపోతున్నావు? అమ్మతో గొడవా?"

"గుళ్లో కూర్చున్నాన్రా!"

"కూర్చుని పదకొండు వేల అడుగులేంటి నాన్నా!"

నాకంటే ముందు వాళ్లమ్మకి చేశాడట. నిద్రమత్తులో ఆవిడకి జాగరణ సంగతే గుర్తురాలేదు. పక్కింటాయన్ని లేపింది. ఆయన మంకీక్యాప్ పెట్టుకుని, స్కూటరు మీద బస్టాండు దాకా గాలించి, చివరికి మైకు సౌండు పట్టుకుని గుడికి చేరాడు. వెనక సీట్లో శాలువా కప్పుకుని మా ఆవిడ. భజన ఆగిపోయింది. నా చేతిలో చిడతలు మాత్రం ఇంకో రెండు దెబ్బలు వాటంతటవే మోగాయి. రెండడుగులు పడే ఉంటాయి.

ఫోనులో అబ్బాయి ఇంకా లైన్లోనే ఉన్నాడు. "చేతిది లాభం లేదమ్మా. నడుముకి పెట్టుకునేది పంపిస్తా."

"మళ్లీ డబ్బులెందుకు తగలేస్తావురా?" అంది ఆవిడ, నా చేతికున్న వాచీ విప్పుతూ. "మొలతాడు ఉందిగా, నేను కడతాను."