నాన్న ఫోటో తీస్తున్నాడా?

మొన్న ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం ఉగాది ప్రోగ్రామ్‌లో పంచాంగ శ్రవణం అయ్యాక, కవి సమ్మేళనం మొదలవ్వకముందు, "మన కుటుంబాల వేసవి" అని ఒక స్లైడ్ షో వేశారు కదా, దాని గురించే ఇదంతా. అందరి దగ్గరా ఫోటోలు అడిగారు, నేనూ పంపాను. క్రూజ్ ఫోటోలొచ్చాయి చప్పట్లు, తిరుమల ఫోటోలొచ్చాయి చప్పట్లు, ఎవరో పాప అరంగేట్రం ఫోటోకైతే విజిల్స్ కూడా పడ్డాయి. మా ఫోటో వచ్చింది. నేను హెల్మెట్ పెట్టుకుని మోటార్‌సైకిల్ హ్యాండిల్ పట్టుకుని ఉన్నా, వెనకాల మా పదోక్లాసు వాడు, పక్కన బ్లూ రిడ్జ్ పార్క్‌వే అనే కొండ రోడ్డు మైలురాయి. మైక్ పట్టుకున్నాయన "మేడమ్ ముందున్నారు, బాబు వెనకున్నాడు, మరి సారెక్కడండీ, నాన్న ఫోటో తీస్తున్నాడా, ఇంట్లో వంట చేస్తున్నాడా?" అన్నారు. హాలంతా ఒకటే నవ్వు. మావారు కూడా నవ్వేశారు, ఆయన స్వభావం అంత. మావాడు మాత్రం లేచి పార్కింగ్ లాట్‌లోకి వెళ్లిపోయాడు, డ్రామా అయ్యేదాకా లోపలికి రాలేదు.

సరే జోకు జోకే, మైక్ చేతిలో ఉంటే ఎవరైనా ఒకటి వేస్తారు. భోజనాల లైన్లో ఇంకో పెద్దాయన వచ్చి "చదువుకున్నదానివి, పిల్లాణ్ణి వెనకేసుకుని కొండల్లో ఆ బండి నడపడమేంటమ్మా, ఇంట్లో ఏమీ అనరా?" అని అడిగారు చూడండి, నేనిది రాయడానికి కారణం అదే. ఆయన మీద నాకు కోపం లేదు, నిజంగా భయపడే అడిగారు. కానీ ఆ భయానికి జవాబు చెప్పేంత సేపు ఆయనా ఆగలేదు, వెనకనున్న లైనూ ఆగలేదు. అందుకని ఇక్కడ చెప్తున్నా.

ముందు ఆయన వైపు నుంచే మాట్లాడుకుందాం. మోటార్‌సైకిల్ ప్రమాదకరమైన బండే, అందులో వాదన లేదు. 2022లో ఒక్క అమెరికాలోనే మోటార్‌సైకిల్ ప్రమాదాల్లో 6,218 మంది పోయారు, ప్రభుత్వ లెక్కే. మైళ్ల చొప్పున చూస్తే కారులో కూర్చున్నవాళ్ల కంటే ఇరవై రెట్లకు పైనే రిస్కు. హెల్మెట్ పెట్టుకుంటే చావు రిస్కు నడిపేవాళ్లకి 37 శాతం, వెనక కూర్చున్నవాళ్లకి 41 శాతం తగ్గుతుందంటారు, అంటే పెట్టుకున్నా మిగతాది మిగిలే ఉంటుంది. ఇవన్నీ నాకు తెలుసు, మావాడికీ తెలుసు, బయల్దేరేముందు వాడితోనే చదివించాను. ఎంఎస్ఎఫ్ (మోటార్‌సైకిల్ సేఫ్టీ ఫౌండేషన్) వాళ్ల బేసిక్ కోర్సు చేసి, కోన్ల మధ్య తిరిగి, లైసెన్సు మీద మోటార్‌సైకిల్ నడిపే అనుమతి, అంటే ఎం క్లాస్, వేయించుకున్నాక కూడా చాలాకాలం ఒక్కదాన్నే నడిపాను, వెనక ఎవర్నీ ఎక్కించుకోలేదు.

ఇంక మన ఊళ్ల సంగతి. పాత రోజులు తలుచుకుని మురిసిపోయే రకం కాదు నేను. మా నాన్న రాజ్‌దూత్ మీద మమ్మల్నందరినీ ఎక్కించుకుని శివరాత్రికి మార్కాపురం నుంచి దోర్నాల ఘాట్ మీదుగా శ్రీశైలం తీసుకెళ్లేవాడు. నేను ట్యాంకు మీద, అమ్మ వెనక పక్కకి తిరిగి, ఒళ్లో తమ్ముడు. హెల్మెట్ అన్న వస్తువు ఆ బండి మొహం చూడలేదు. చట్టంలో 1988 నుంచీ ఉంది, ఇవాళ్టికీ సగంమంది మోచేతికి తగిలించుకుని తిరుగుతారు, పోలీసు కనపడితే నెత్తికెక్కుతుంది. అది ప్రేమ కాదు, నిర్లక్ష్యం, ఇంకో మాట లేదు. కానీ ఆ నల్లమల మలుపుల్లో నాన్న ఇంజిన్ ఆపేసి "విను" అనేవాడు, మేమంతా ఊపిరి బిగబట్టి అడవిని వినేవాళ్లం. ఆయన నాతో అంత దగ్గరగా కూర్చుని ఏదైనా చూపించింది ఆ రోడ్డు మీదే, ఇంట్లో ఆయన మాతో మాట్లాడింది మార్కుల గురించి మాత్రమే. మన హాల్లో మొన్న నన్ను చూసి నవ్వినవాళ్లలో ఎంతమంది చేతక్ ముందు నిలబడి, గాలికి కళ్లు మూసుకుని పెరగలేదో చెప్పండి. వాట్సాప్‌లో ఆ ఫోటోలు వస్తే గుండె బొమ్మలు పెట్టేది మళ్లీ మీరే.

మా ట్రిప్ సంగతి కాస్త వివరంగా చెప్తా, ఓపిక పట్టండి. వర్జీనియాలో ఫ్రంట్ రాయల్ దగ్గర స్కైలైన్ డ్రైవ్ అనే కొండ రోడ్డు ఎక్కితే 105 మైళ్లు, స్పీడ్ లిమిట్ గంటకి 35 మైళ్లు. అది అయిపోయిన చోట, రాక్‌ఫిష్ గ్యాప్‌లో, బ్లూ రిడ్జ్ పార్క్‌వే సున్నా మైలురాయి, అక్కణ్ణుంచి నార్త్ కరోలినాలో చెరోకీ దాకా 469 మైళ్లు, ఎక్కువలో ఎక్కువ 45. లారీలు లేవు, సిగ్నళ్లు లేవు, పెట్రోల్ బంకు కూడా ఒక్కటీ లేదు, కావాలంటే పార్క్‌వే దిగి పక్క ఊళ్లోకి వెళ్లి పోయించుకోవాలి. ఆ బాధ్యత మావాడిది. మాది సుజుకి వి-స్ట్రామ్ 650, ట్యాంకు ఇరవై లీటర్లు, ఇద్దరం ప్లస్ సామాను, ఎన్ని మైళ్లకి దిగాలి, ఏ ఎగ్జిట్‌లో దిగాలి అని వాడే లెక్కలు కట్టేవాడు. హెలీన్ తుఫానుకి 2024లో కొట్టుకుపోయిన రోడ్డు నార్త్ కరోలినాలో కొన్నిచోట్ల అప్పటికింకా మూసే ఉంది, ఆ డీటూర్లు కూడా వాడే వెతికాడు. ఇంట్లో చెత్త బయట పెట్టమంటే మూడుసార్లు పిలిపించుకునేవాడు, ఇక్కడ నేను అడక్కముందే "అమ్మా, వచ్చే మైలురాయి దగ్గర దిగిపో" అనేవాడు.

వెనక కూర్చోవడం కూడా పనేనండి, బస్తాలాగా కూర్చుంటే కుదరదు. ఎడమ మలుపులో నా ఎడమ భుజం మీంచి చూడాలి, కుడి మలుపులో కుడి భుజం మీంచి, అప్పుడే ఒళ్లు దానంతటదే బండితో పాటు వాలుతుంది. భయపడి ఎదురు వైపుకి వంగాడా, బండి నేననుకున్న గీతలో తిరగదు. ఆగినప్పుడు కాళ్లు కింద పెట్టకూడదు. బ్రేక్ వేస్తే చేతులు ట్యాంకుకి ఆనించి ఆపుకోవాలి, లేకపోతే వాడి హెల్మెట్ వచ్చి నా హెల్మెట్‌కి ఠంగుమని కొడుతుంది. మొదట్లో అరగంటకోసారి ఠంగు, సాయంత్రానికి తగ్గింది. మలుపు ముందు నేను వేగం తగ్గించేటప్పటికే వాడు తల తిప్పేసేవాడు. వాడు పుట్టాక మేమిద్దరం ఒకే పని ఒకే సమయంలో చేసింది అప్పుడేనేమో, మిగతాదంతా నేను డ్రాప్ చేయడం, వాడు దిగిపోవడం.

ఫాన్సీ గ్యాప్ దగ్గర పొగమంచు పట్టింది. ఆ ఏరియాలో ఐ-77 హైవే మీద పోయినవాళ్లకి తెలుసు, మంచు దిగితే ముందు బండి కనపడదు. వైజర్ కాస్త పైకి లేపి, హజార్డ్ లైట్లేసి, నెమ్మదిగా పోతున్నాం, ఎక్కడైనా విశాలంగా పక్కకి ఆపుకునే చోటు కోసం చూస్తున్నా. అప్పుడు మావాడు హెల్మెట్ ఇంటర్‌కామ్‌లో "అమ్మమ్మ పోయినప్పుడు నువ్వెందుకు వెళ్లలేదు?" అన్నాడు. 2021 మే నెల అది. కోవిడ్ వల్ల వీసా స్టాంపింగ్ ఎక్కడా దొరకని రోజులు, వెళ్తే మళ్లీ ఎప్పుడొస్తామో తెలియదు, మనలో ఎన్ని ఇళ్లల్లో అదే కథో మీకు చెప్పక్కర్లేదు. అంత్యక్రియలు ఫోన్లో చూశాను. అప్పుడు చిన్నవాడు కదా అని వాడికేమీ చెప్పలేదు, వాడూ అడగలేదు, అన్నేళ్లు మనసులో ఉంచుకున్నాడన్నమాట. ఎదురుగా కూర్చుని అడిగి ఉంటే నేను వంటింట్లోకి పోయి ఉండేదాన్ని. అక్కడ పోవడానికి చోటు లేదు, మొహం చూపించాల్సిన పనీ లేదు. ఒక ఓవర్‌లుక్ దొరికింది, బండి ఆపి, మంచు విడిచేదాకా మొత్తం చెప్పాను, వీసా సంగతి, తమ్ముడితో గొడవ సంగతి, అన్నీ. వాడు విని "నాకు చెప్పుంటే బాగుండేది" అని ఒకే మాటన్నాడు.

ఇదంతా కారులో రాదా అంటే, వస్తుందేమో, మా ఇంట్లో రాలేదు. కారులో వాడికి ఫోన్ ఉంటుంది, నాకు ఆఫీస్ కాల్ ఉంటుంది. అందరూ బండ్లు కొనండి అనట్లేదు నేను, అది అందరికీ పడే పని కాదు, ఇంకా చెప్పాలంటే వద్దు. కొండ ఎక్కుతారో, సైకిల్ తొక్కుతారో, పడవ వేస్తారో, అమ్మో నాన్నో పిల్లలో ఒకరి మీద ఒకరు నిజంగా ఆధారపడి, కాస్త కష్టం పడి, రెండు మూడు రోజులు గడిపే పని ఏదైనా సరే. మన సంఘంలో పిల్లల కోసం ఇంత డబ్బు ఖర్చు పెడతాం, కానీ అందులో పిల్లలు స్టేజ్ మీద ఉంటే మనం కుర్చీల్లో ఉంటాం, యూత్ డే రోజైతే వాళ్లొక గదిలో, మనం ఇంకో గదిలో కాలేజీ అడ్మిషన్ల లెక్చర్ వింటూ.

అందుకని కార్యవర్గాన్ని అడిగేదొక్కటే. ఈ వేసవి యూత్ డేలో ఆ లెక్చర్ ఒక్కసారి మానేయండి, అది యూట్యూబ్‌లో బోలెడుంది. ఆ టైములో ఇలా కలిసి బయటికి వెళ్లొచ్చిన ఇళ్లవాళ్లని, తల్లినీ పిల్లనీ పక్కపక్కన కూర్చోబెట్టి మాట్లాడించండి, ఏం తప్పు జరిగింది, ఏం భయమేసింది, ఖర్చెంతయింది, అన్నీ. రిస్కు గురించి అడగాలనుకున్న పెద్దవాళ్లు అక్కడ మైక్‌లోనే అడగండి, నేను లెక్కలతో సహా వస్తాను. హెల్మెట్ సైజు ఎలా చూసుకోవాలో, అమెరికా ప్రమాణాలకి సరిపోతుందని హెల్మెట్ మీద ఉండే డాట్ (DOT) స్టిక్కర్ అసలుదో నకిలీదో ఎలా పట్టాలో మావాడు చూపిస్తానన్నాడు, అదీ యాంకర్ వేరేవాళ్లయితేనే అని కండిషన్ పెట్టాడు. సెక్రటరీ గారూ, వచ్చే కార్యవర్గ (ఈసీ) మీటింగ్ అజెండాలో ఇది పెట్టండి, హాల్ బుకింగ్ డబ్బులు నేనిస్తాను.