కొత్తవారి పట్ల లినక్స్‌కు ఇంత నిర్దయ ఎందుకు?

లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను నేర్చుకుందామని కూర్చున్న మనిషిని ఆ వ్యవస్థ మొదటి గంటలోనే ఎందుకింత బెదరగొట్టాలి? ఆదేశాలు టైపు చేసే టెర్మినల్‌లో, నిర్వాహకుడి అధికారంతో పని చేయించే సుడో ఆదేశం ఇచ్చి పాస్‌వర్డ్ కొడుతుంటే చాలా పంపిణీల్లో, అంటే లినక్స్ రకాల్లో, తెరమీద ఒక్క చుక్క కూడా కనబడదు. కీబోర్డు పాడైందేమోనని మనిషి కంగారుపడుతుంటే, అది భద్రత కోసం చేసిన ఏర్పాటని చెప్పే వాక్యం అక్కడ ఉండదు. ఒక్క వాక్యం రాస్తే ఏం పోయేది?

సాయం కోసం మ్యాన్ పేజీ, అంటే ఆదేశం గురించి వివరించే మాన్యువల్ పుట, తెరిస్తే మరో బాధ. చాలా ఫైళ్లను ఒకటిగా కట్టిన టార్ ఫైలును విప్పడం ఎలాగో తెలియనివారికి కావలసింది ఒక ఉదాహరణ. దొరికేది పుటల కొద్దీ ఐచ్ఛికాల జాబితా. తెలిసినవాళ్లు గుర్తుచేసుకోవడానికి పనికొచ్చే పుటను నేర్చుకునేవారి చేతిలో పెట్టడం ఏం న్యాయం?

1976లో బిల్ జాయ్ రాయడం మొదలుపెట్టిన వీఐ అనే టెక్స్ట్ ఎడిటర్ తెరుచుకుంటే, కొట్టిన అక్షరాలు రాతగా కాక ఆదేశాలుగా పనిచేస్తాయి. ఎస్కేప్ నొక్కి కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం కొట్టి ఎంటర్ నొక్కితే బయటపడతామని ఎవరో చెబితే తప్ప తెలియదు. ఫైళ్లను తొలగించే ఆర్‌ఎం ఆదేశంతో తుడిచిన ఫైలు చెత్తబుట్టలోకైనా వెళ్లదు. ఉబుంటులో ఆప్ట్, ఫెడోరాలో డీఎన్‌ఎఫ్, ఆర్చ్‌లో ప్యాక్‌మ్యాన్: సాఫ్ట్‌వేర్ ఎక్కించే ఒకే పనికి ఇన్ని పేర్లా?

అన్నిటికంటే నొప్పించేది, అడిగినప్పుడు వచ్చే జవాబు: "ముందు మాన్యువల్ చదువు." 1991లో లినక్స్‌ను మొదలుపెట్టిన లినస్ టోర్వాల్డ్స్ తన పని గురించి చెబుతూ అందరి అభిప్రాయాలూ అడిగాడు. అలా మొదలైన వ్యవస్థ గురించి, తెలుగు మాధ్యమంలో చదివి ఇంగ్లిషు మాన్యువల్‌తో కుస్తీ పడుతున్న విద్యార్థిని ఒక సందేహం అడిగితే, ఆమెను కసురుకునే హక్కు ఆ జవాబిచ్చేవాళ్లకు ఎవరిచ్చారు?